రంగు పూస్తే తుప్పు పోదు

• పైకి కనిపించేది చిన్న బుడగ.. లోపల తినేసిన రేకు
• తీర ప్రాంతాల్లో పాత కార్లకు ఉప్పుగాలి ముప్పు
• మూలం తొలగించాకే ప్రైమర్, పుట్టీ, రంగు
• వానలకు ముందే తనిఖీ చేసుకుంటే మేలు

విశాఖపట్నం: కారు తలుపు అడుగు అంచున శనగగింజంత బుడగ లేస్తుంది. గోటితో గీకితే రంగు పెచ్చు ఊడి ఎర్రటి పొడి రాలుతుంది. టింకరింగ్ షెడ్డుకు తీసుకెళితే ఒక్క పూటలో పుట్టీ పెట్టి, రంగు కొట్టి ఇస్తారు. కారు కొత్తదానిలా మెరుస్తుంది. యజమాని సంతోషంగా ఇంటికి చేరతాడు. వానాకాలం ముగిసేసరికి అదే చోట బుడగ మళ్లీ లేస్తుంది. ఈసారి నిమ్మకాయంత ఉంటుంది. సముద్ర తీర పట్టణాల్లో పాత కార్లున్న ఇళ్లలో తరచూ వినిపించే కథే ఇది.

పుండును కడగకుండా పైన కట్టు కట్టడం ఎలాంటిదో, తుప్పును తొలగించకుండా రంగు పూయడమూ అలాంటిదే. లోపల తినడం ఆగదు. అది కంటికి కనిపించదు కాబట్టి నష్టం మరింత పెరుగుతుంది. తుప్పు సాధారణంగా లోపలి నుంచి, అడుగు నుంచి మొదలవుతుంది. రంగుపై బుడగ కనిపించిందంటే అది ఆరంభం కాదు, చాలాకాలంగా సాగుతున్న పనికి చివరి ఆనవాలు అని గ్రహించాలి.

అందం కాదు.. ప్రాణ రక్షణ

తుప్పు వల్ల కారు అందం చెడుతుందన్నదే చాలామంది బాధ. అసలు ప్రమాదం అది కాదు. లారీలకు, పాత జీపులకు అడుగున బలమైన ఛాసిస్ విడిగా ఉంటుంది. పైన బాడీ పాడైనా బరువు మోసేది అదే. అంబాసిడర్, మారుతి 800 వంటి కార్లకు అలాంటి ఛాసిస్ లేదు. రేకును మడిచి, పెట్టెల్లా అతికించి చేసిన బాడీయే బరువంతా మోస్తుంది. తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనుక చక్రం దాకా సాగే గొట్టం వంటి పట్టీలు, కాళ్ల కింది నేల, సస్పెన్షన్ బిగించే చోట్లు.. ఇవన్నీ ఆ కారుకు వెన్నెముక వంటివి.

ఈ భాగాలు తుప్పు తింటే కారు కుదుపులకు వంగుతుంది. తలుపులు సరిగా పడవు. జాకీ పెడితే రేకు లోపలికి దిగిపోతుంది. సీటు బెల్టు బిగించిన చోట రేకు పలచబడితే, ప్రమాద సమయంలో బెల్టు ఉన్నా లేనట్లే. మారుతి 800 ఉత్పత్తి 2014 జనవరిలో, అంబాసిడర్ ఉత్పత్తి అదే ఏడాది మే నెలలో నిలిచిపోయాయి. అంటే నేడు రోడ్లపై కనిపిస్తున్న ఆ కార్లన్నీ పదేళ్లు దాటినవే. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. తనిఖీలో వాహనం సక్రమంగా ఉందని తేలితేనే మరో 5 ఏళ్లకు పునరుద్ధరిస్తారు. ఆ వేళకు ఇంజిన్ బాగున్నా బాడీ బాగుండకపోతే ప్రయోజనం ఉండదు. ఇంజిన్‌ను విప్పి బాగుచేయవచ్చు. పూర్తిగా తుప్పు తిన్న బాడీని మార్చడం మాత్రం కారు విలువకు మించిన పని.

తుప్పు ఎలా పడుతుంది?

ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్.. ఈ మూడూ కలిస్తే తుప్పు పుడుతుంది. వీటిలో ఏ ఒక్కటి లేకున్నా పుట్టదు. రంగు చేసే పనల్లా మిగిలిన రెండింటినీ ఇనుముకు దూరంగా ఉంచడమే. కారు రేకు మందం సాధారణంగా మిల్లీమీటరుకు లోపే ఉంటుంది. దానిపై ఉన్న రంగు పొరలన్నీ కలిపినా మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూగా ఉంటాయి. ఒక గులకరాయి తగిలి ఆ పొర చిట్లితే చాలు, తేమకు దారి దొరుకుతుంది.

అల్యూమినియంపై ఏర్పడే పొర లోహాన్ని అంటిపెట్టుకుని కాపాడుతుంది. ఇనుము తుప్పు అలా కాదు. అది గుల్లగా ఉండి నీటిని పీల్చి పట్టుకుంటుంది. పైగా, తాను పుట్టిన ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. అందుకే అది ఉబ్బి పైనున్న రంగును బుడగలా లేపుతుంది. ఆ ఖాళీలోకి మరింత తేమ చేరుతుంది. ఒకసారి మొదలైన తుప్పు తన దారిని తానే వెడల్పు చేసుకుంటుందన్న మాట.

తీరంలోనే ఎందుకీ బెడద?

గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే వాన లేకున్నా తుప్పు వేగం పుంజుకుంటుంది. కోస్తా జిల్లాల్లో ఏడాదిలో అధిక భాగం ఇదే పరిస్థితి. దీనికి ఉప్పు తోడైతే చెప్పనవసరం లేదు. అలలు విరిగినప్పుడు లేచే తుంపరలు గాలిలో కలిసి తీరం వెంబడి వాహనాలపై పడతాయి. నీరు ఆరిపోతుంది గానీ ఉప్పు మిగులుతుంది. సముద్రపు ఉప్పులోని మెగ్నీషియం క్లోరైడ్ గాలిలో ఏమాత్రం తేమ ఉన్నా పీల్చుకుంటుంది. కాబట్టి ఎండలో పొడిగా కనిపిస్తున్న రేకు మడతల్లోనూ సన్నటి ఉప్పునీటి పొర నిలిచే ఉంటుంది. ఉప్పునీటిలో విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది. తుప్పు కూడా ఒక విద్యుత్ రసాయన చర్యే కాబట్టి ఉప్పు దాన్ని వేగవంతం చేస్తుంది.

బీచ్ రోడ్డు పక్కన నిలిపి ఉంచే కార్లకే కాదు, నౌపడ వంటి ఉప్పు మడుల ప్రాంతాల్లో తిరిగేవాటికీ, చేపల పెట్టెలు మోసే వాహనాలకూ ఇదే బెడద. ఐసు కరిగి కారే ఉప్పునీరు డిక్కీ అడుగున చేరితే కొద్ది నెలల్లోనే రేకును తినేస్తుంది. తుపాను గాలులు ఉప్పు తుంపరలను మామూలు రోజుల కంటే ఎంతో లోపలికి మోసుకొస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ వద్ద తీరం దాటినప్పటి వంటి గాలివానల తర్వాత, సొట్టలు లేని కారునైనా మంచినీటితో అడుగు భాగంతో సహా కడగడం తప్పనిసరి.

ఎక్కడ వెతకాలి?

తుప్పు నీరు నిలిచే చోట, మట్టి చేరే చోట, రేకు మీద రేకు మడిచిన చోట మొదలవుతుంది. కింది చోట్లను వరుసగా పరిశీలించాలి.

• చక్రాలపై మడ్‌గార్డు లోపలి అంచులు. ఇక్కడ చేరిన బురద ఎండినట్లు కనిపించినా లోపల తడి వదలదు.
• తలుపుల అడుగు. కిటికీ అద్దం వెంట తలుపులోకి జారే వాననీరు బయటకు పోయేందుకు అడుగున చిన్న రంధ్రాలుంటాయి. అవి మూసుకుపోతే తలుపు నీటి తొట్టి అవుతుంది.
• తలుపుల కింది పట్టీలు, జాకీ పెట్టే చోట్లు.
• కాళ్ల కింది మ్యాట్లు, వాటి కింది తివాచీ. ఏసీ నీరు బయటకు పోయే గొట్టం మూసుకుపోతే ఆ నీరు ఇక్కడికే చేరుతుంది. కారులో ముక్కవాసన వస్తుంటే ముందు దీన్నే అనుమానించాలి.
• డిక్కీలో స్టెప్నీ చక్రం ఉండే గుంట.
• బ్యాటరీ కింది పళ్లెం. ఇక్కడ కారిన ఆమ్లం రంగును, రేకును రెండింటినీ తింటుంది.
• ముందు, వెనుక అద్దాల రబ్బరు అంచులు. ముందు అద్దం కింద ఆకులు చేరే సందు.

అనుమానం ఉన్న చోట స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టాలి. మంచి రేకు ఖంగుమంటుంది. తిన్న రేకు మూగగా పలుకుతుంది. మొనతో నొక్కితే దిగిపోతే ఇక వాయిదా వేయకూడదు.

మూడు దశలు.. మూడు వైద్యాలు

మొదటి దశలో తుప్పు పైపైన ఉంటుంది. ఎమరీ కాగితంతో రుద్దితే మెరిసే రేకు బయటపడుతుంది. ఇది ఇంటివద్ద కూడా చేసుకోదగిన పని. రెండో దశలో రేకుపై గుంటలు పడి, పొరలు పొరలుగా పెచ్చులు లేస్తాయి. దీనికి యంత్రంతో గీకడం, రసాయన చికిత్స అవసరం. మూడో దశలో రంధ్రం పడుతుంది. దీనికి పుట్టీ మందు కాదు. పాడైన రేకును కోసి కొత్త రేకు అతికించడం ఒక్కటే మార్గం.

చికిత్స ఏ వరుసలో?

తొలి రెండు దశల్లో పని వరుస ఒక్కటే. వరుస తప్పితే ఖర్చు వృథా.

ముందుగా ఆ భాగాన్ని సబ్బునీటితో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. మట్టి, జిడ్డు ఉండగా రుద్దితే అవి గీతల్లోకి దిగుతాయి. తర్వాత తీగ బ్రష్షుతో వదులుగా ఉన్న తుప్పును రాల్చాలి. 80 నంబరు ఎమరీ కాగితంతో మొదలుపెట్టి, క్రమంగా సన్నని కాగితానికి వెళుతూ మెరిసే రేకు కనిపించేదాకా రుద్దాలి. బుడగ ఉన్నంత మేరకే కాకుండా చుట్టూ మరో రెండు మూడు అంగుళాలు రంగు తీయాలి. తుప్పు రంగు కింద పాకి ఉంటుంది కాబట్టి గట్టి రంగు అంచు దొరికేదాకా ఆగకూడదు. గ్రైండరు వాడేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. పలచటి రేకును ఎక్కువగా అరగదీస్తే తుప్పు చేయాల్సిన పనిని మనమే చేసినట్లవుతుంది.

గుంటల్లో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం గానీ టానిక్ ఆమ్లం గానీ ఉండే ద్రావణాలు వాడతారు. మొదటిది తుప్పును ఇనుప ఫాస్ఫేట్‌గా, రెండోది నల్లని ఇనుప టానేట్‌గా మారుస్తుంది. ఈ రెండూ ఇనుమును అంటిపెట్టుకుని ఉండే పొరలే. ఢిల్లీ కుతుబ్ ఆవరణలోని ఇనుప స్తంభం సుమారు 1600 ఏళ్లుగా నిలిచి ఉండటానికి, దాని ఇనుములోని అధిక భాస్వరం వల్ల ఏర్పడిన ఫాస్ఫేట్ పొరే ప్రధాన కారణమని కాన్పూర్ ఐఐటీ ఆచార్యుడు ఆర్.బాలసుబ్రమణ్యం పరిశోధనల్లో తేలింది. నేటి కారు రేకులో అంత భాస్వరం ఉండదు. అందుకే ఆ పొరను మనం బయటి నుంచి సమకూర్చాల్సి వస్తోంది.

అయితే ఈ ద్రావణాలు పలచటి తుప్పులోకే ఇంకుతాయి. పెచ్చులు తీయకుండా పైన పూస్తే పై పొర మారుతుంది, అడుగున తుప్పు అలాగే ఉంటుంది. కొన్నింటిని పూశాక నీటితో కడగాలి, కొన్నింటిని అలాగే వదిలేయాలి. డబ్బాపై రాసినది చదివి పాటించాలి. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు లేకుండా వీటిని ముట్టుకోరాదు.

రేకు బయటపడిన రోజే ప్రైమర్ వేయాలి. తేమ గాలిలో తెల్లారేసరికి ఆ రేకుపై సన్నటి ఎర్ర పొర కమ్ముతుంది. చేతి చెమటలోనూ ఉప్పు ఉంటుంది కాబట్టి శుభ్రం చేసిన రేకును వట్టి చేత్తో తాకకూడదు. థిన్నర్ తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడిచి, రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్ వేయడం ఉత్తమం. కిటికీ ఊచలకు వాడే మామూలు రెడ్ ఆక్సైడ్ కారు బాడీకి అంతటి రక్షణ ఇవ్వదు.

పుట్టీ వంతు ఆ తర్వాతే. పుట్టీ గుంటను పూడ్చి నున్నగా చేస్తుంది తప్ప నీటిని ఆపదు. పైగా తేమను పీల్చుకుంటుంది. అందుకే దాన్ని పలచగా, ఎపాక్సీ ప్రైమర్ పైన పెట్టడం మంచిది. వాటర్ పేపర్‌తో రుద్దాక పూర్తిగా ఆరనివ్వాలి. తడి పుట్టీపై రంగు కొడితే ఆ నీటిని మనమే లోపల బంధించినట్లవుతుంది. ఆపైన సర్ఫేసర్, రంగు, చివర మెరుపు పూత వేయాలి. ముసురు పట్టిన రోజున రంగు పని పెట్టుకోకపోవడమే మంచిది.

రంధ్రం పడితే..

రంధ్రంలో జాలీ పెట్టి పుట్టీతో పూడ్చడం, పైన రేకు ముక్కను రివెట్లతో బిగించడం కొన్నిచోట్ల జరుగుతున్న పని. బరువు మోసే భాగాల్లో ఇది ప్రాణాంతకం. గట్టి రేకు దొరికేదాకా కోసి, అదే మందం గల కొత్త రేకును వెల్డింగ్ చేయించాలి. గ్యాస్ వెల్డింగ్ వేడికి చుట్టూ చాలా మేర రేకు వంకర్లు పోతుంది, వెనుక వైపు రంగు కాలిపోతుంది. మిగ్ వెల్డింగ్‌లో వేడి తక్కువ మేరకు వ్యాపిస్తుంది కాబట్టి పలచటి రేకుకు అదే అనువైనది.

వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగలు తప్పించాలి. సీట్లు, తివాచీ తీసేయాలి. పెట్రోలు ట్యాంకు, గొట్టాలు దగ్గరలో ఉంటే వాటిని విప్పి దూరంగా పెట్టాలి. సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్లున్న కార్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పని పూర్తయ్యాక అతుకులకు సీలెంట్ పెట్టించాలి. అందరూ మరిచేది ఒకటుంది. అతికించిన రేకు వెనుక వైపు కాలిపోయి, వట్టి ఇనుముగా మిగులుతుంది. అక్కడ మైనపు పూత పడకపోతే కొత్త రేకు కూడా ఎక్కువ కాలం నిలవదు.

నివారణ ఖర్చు తక్కువ

చికిత్స కంటే నివారణ చౌక. తీర ప్రాంతంలో తిరిగే కారును వారానికోసారైనా మంచినీటితో కడగాలి. బానెట్, టాపు మెరిసేలా కడిగి, చక్రాల లోపలి భాగాన్ని, అడుగును వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. ఉప్పు, బురద చేరేది అక్కడే. తలుపుల అడుగు రంధ్రాలను సన్నని ప్లాస్టిక్ పుల్లతో శుభ్రం చేయాలి. రాయి తగిలి రంగు చిట్లితే, వారం ఆగకుండా ఆ చుక్కకు రంగు అద్దాలి. రెండు మూడు నెలలకోసారి వ్యాక్స్ పాలిష్ పెడితే నీరు రంగుపై నిలవదు.

బయటికి కనిపించని పెట్టె భాగాలకు లోపలి నుంచి మైనపు ద్రావణం పిచికారీ చేయించడం అన్నింటికంటే మేలైన రక్షణ. ఇది సందుల్లోకి పాకి, గట్టిపడకుండా మెత్తగా ఉండి తేమను అడ్డుకుంటుంది. ఏడాది, రెండేళ్లకోసారి పరిశీలించి మళ్లీ వేయించాలి. అడుగున నల్లగా వేసే తారు వంటి పూత విషయంలో మాత్రం అప్రమత్తత అవసరం. శుభ్రమైన, పొడి రేకుపై వేస్తే అది కవచం. మట్టిపైనో తుప్పుపైనో వేస్తే, పగుళ్ల గుండా చేరిన నీరు బయటకు పోయే దారి లేక లోపలే తినేస్తుంది. పూత వేసేటప్పుడు నీరు పోయే రంధ్రాలు మూసుకుపోకుండా చూడాలి.

వాడేసిన ఇంజిన్ ఆయిల్‌ను అడుగున కొట్టించే అలవాటు మానుకోవాలి. అది రబ్బరు బుష్‌లను పాడుచేస్తుంది, దుమ్మును పట్టి ఉంచుతుంది, కారి నేలను, నీటిని కలుషితం చేస్తుంది. ఓడల అడుగున జింకు దిమ్మలు బిగించి తుప్పును ఆపుతారు కదా, కారుకూ అలాంటి పరికరం పెడితే చాలదా అన్న ప్రశ్న కొందరిలో ఉంది. ఓడ అడుగు ఎప్పుడూ సముద్రపు నీటిలో మునిగి ఉంటుంది. జింకు రక్షణ ఆ నీటి ద్వారానే ఇనుముకు అందుతుంది. గాలిలో నిలిచే కారుకు ఆ దారి లేదు. రేకుపైనే జింకు పూత ఉంటే అది వేరు. కొత్త కార్లలో పలు భాగాలకు అలాంటి రేకునే వాడుతున్నారు.

తడి కారుపై ప్లాస్టిక్ కవరు కప్పడం మరో పొరపాటు. ఆవిరి లోపలే నిలిచి, కప్పని కారు కంటే ముందే తుప్పు పడుతుంది. ఆరిన తర్వాతే, గాలి ఆడే గుడ్డ కవరు కప్పాలి.

వరదలో మునిగిన కారుకు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో పలు కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. అలా మునిగిన కార్లలో ఇంజిన్, వైరింగ్ బాగు చేయించి ఊరుకుంటే సరిపోదు. నీరు ఇంకినా పట్టీల లోపల, తలుపుల్లో ఒండ్రు మిగులుతుంది. అది స్పాంజిలా తడిని నెలల తరబడి పట్టి ఉంచుతుంది. సీట్లు, తివాచీ తీయించి, అడుగు బిరడాలు విప్పి, మంచినీటితో ఒండ్రు పూర్తిగా పోయేలా కడిగించాలి. రోజుల తరబడి గాలికి ఆరబెట్టి, ఆ తర్వాతే మైనపు పూత వేయించాలి.

పాత కారు కొంటున్నారా?

మెరిసే కొత్త రంగు చూసి మురిసిపోకూడదు. గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతాన్ని తలుపుల అడుగున, చక్రాల అంచుల వెంట నడిపించాలి. పుట్టీ మందంగా ఉన్న చోట అది అంటదు. మ్యాట్లు ఎత్తి, స్టెప్నీ తీసి చూడాలి. పాత కారు అడుగున కొత్తగా నల్లపూత కనిపిస్తే కారణం అడగాలి. జాకీ పెట్టి ఒకసారి ఎత్తించి చూస్తే చాలా విషయాలు తేలిపోతాయి.

టింకరింగ్ పనికి ఇచ్చేటప్పుడు గీకడం, ప్రైమర్, వెల్డింగ్, రంగు.. దేనికెంతో విడివిడిగా రాయించుకోవాలి. రేకు బయటపడిన దశలో ఒకసారి వెళ్లి చూస్తామని ముందే చెప్పాలి. పుట్టీ కింద ఏముందో తెలుసుకునే అవకాశం ఆ ఒక్కసారే దొరుకుతుంది.

ఏడాదిలో రెండు తనిఖీలు

తొలకరికి ముందు మే నెలలో ఒకసారి, తుపానుల కాలం ముగిశాక డిసెంబరులో మరోసారి కారును ఎత్తించి అడుగు చూసుకోవాలి. మే తనిఖీలో రంధ్రాలు శుభ్రం చేయించి, మైనపు పూత సరిచూసుకుంటే వానలు నిశ్చింతగా గడుస్తాయి. డిసెంబరు తనిఖీలో బయటపడిన తుప్పుకు ఆ తర్వాతి పొడి నెలల్లో చికిత్స చేయించవచ్చు. శనగగింజంత ఉన్నప్పుడే పట్టుకుంటే ఎమరీ కాగితంతో పోయే తుప్పు, ఉపేక్షిస్తే వెల్డింగ్ దాకా తెస్తుంది. కారులో ప్రయాణించే కుటుంబం భద్రత ఆ పలచటి రేకుపైనే ఆధారపడి ఉందని యజమానులు గుర్తుంచుకోవాలి.